నైట్ హాల్ట్ బస్సు మీద కమిటీ సలహా

నేను పనిచేసిన కమిటీకి సలహా ఇవ్వడం ఒక్కటే పని. ఆ సలహా వినడం ఎవరి పనో ఏ జీవోలోనూ లేదు. విజయవాడ నుంచి డెల్టా చివరిదాకా ఏ రోడ్డు ముందు వెడల్పు చేయాలి, ఏ ఊరికి బస్సు తిప్పాలి, ఏ సెంటర్లో ఆటోలు ఎక్కడ ఆగాలి, ఇవన్నీ మాట్లాడే రవాణా సలహా కమిటీ అది. ఒక పాత ఆఫీసు భవనం మేడ మీద హాల్లో నెలకోసారి కూర్చునేవాళ్ళు. నేను కాంట్రాక్టు ఉద్యోగిని. మినిట్స్ రాయడం, అంటే ఎవరేమన్నారో రాసిపెట్టడం నా పని. నిజంగా ఎవరేమన్నారో అదే రాస్తే ఉద్యోగం పోతుంది. ఏమని ఉంటే బాగుండేదో అది రాయాలి. ఇంజినీరింగ్ చదివింది ఇందుకేనా అని మా నాన్న మొదట్లో అడిగేవాడు. జీతం పడటం మొదలయ్యాక, ఇందుకే అన్నాడు.

ఛైర్మన్ గారు రిటైరైన ఇంజినీరు. మంచి మనిషి. ఆయనకి ఉన్న ఒకే ఒక్క వ్యసనం న్యాయం. ఏ విషయం మీదైనా అందరి మాటా వినాలంటారు, వింటారు కూడా. దాంతో ఇబ్రహీంపట్నం నుంచి వచ్చే సభ్యుడు తన ఇంటి ముందు నుంచి పోయే లారీల గురించి ప్రతి మీటింగులోనూ చెప్పుకునేవాడు. సిటీ బస్సుల్లో వృద్ధుల సీట్ల మీద చర్చ మొదలుపెట్టినా, టీ వచ్చేసరికి మేమంతా ఆ లారీల కింద ఉండేవాళ్ళం. నేను మాత్రం ప్రతిసారీ ‘సభ్యుని అభిప్రాయం నమోదు చేయబడినది’ అని రాసేవాడిని. ఆ ఒక్క వాక్యాన్ని కాపీ చేసి అతికించడంలో నా వేగం బాగా పెరిగింది.

ఒకసారి మీటింగులో డిపో తరఫున వచ్చే అధికారి, ప్రయాణికులు తక్కువగా ఉన్న నైట్ హాల్ట్ బస్సుల సంగతి తేల్చమన్నాడు. నైట్ హాల్ట్ అంటే రాత్రి పల్లెటూళ్ళోనే పడుకునే బస్సు. సాయంత్రం చివరి ట్రిప్పుకి ఊరు చేరుతుంది, డ్రైవరూ కండక్టరూ అక్కడే భోంచేసి పడుకుంటారు, తెల్లవారుజామున అక్కడినుంచే మొదటి ట్రిప్పు బయల్దేరుతుంది. ఖాళీగా తిరిగే వాటిని ఆపేసి పామర్రు నుంచే నడిపితే మంచిదని ఆయన వాదన. తర్వాత ఊళ్ళ పేర్లు చదివాడు. వాటిలో మా అక్క అత్తగారి ఊరుంది.

ఆ పేరు వినగానే గుండె ఝల్లుమందని రాస్తే బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ తక్కువగా ఉందని గమనించాను. ప్లగ్ ఎక్కడుందా అని వెతికాను.

అక్క గుణదల దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఊరేమో పామర్రు దాటి కాలవ గట్టు మీద ఇంకా లోపలికి. బావ వరికోత మిషన్ నడుపుతాడు. కోతలు ఎక్కడుంటే అక్కడికి మిషన్‌తో పాటు పోతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. వాళ్ళకో చిన్న పాప. పాపని పగలంతా అత్తయ్య గారు చూసుకునేది. ఆవిడకి రేచీకటి. పొద్దు గూకితే మంచం కోడు ఎక్కడుందో కూడా తడుముకోవాల్సిందే. అందుకని పాప పుట్టిన కొత్తలోనే ఒక మాట చెప్పేసింది. “పగలు ఎంతసేపైనా చూస్తానమ్మా. దీపాలు పెట్టే వేళకి మాత్రం నువ్వు ఇంట్లో ఉండాలి. చీకట్లో పిల్లని ఎత్తుకుని నేను ఎక్కడ పడతానో నాకే తెలీదు.”

పొద్దునా సాయంత్రం తప్ప ఊరికి ఇంకో బస్సు లేదు. అక్క ఉద్యోగం ఆ బస్సు మీదే నడుస్తోంది. పొద్దున్నే దాన్లో పోయి సాయంత్రం దాన్లోనే వస్తుంది. బస్సు పామర్రులో ఆగిపోతే ఆ వేళప్పుడు కాలవ గట్టు మీద ఆటో దొరకదు. స్కూటీ కొనుక్కోవచ్చుగా అంటారేమో. చిన్నప్పుడు సైకిలు నేర్పిస్తానని తీసుకెళ్ళిన ప్రతిసారీ మా అక్క కాలవలోకే పోయింది. ఎడమవైపు పొలాలున్నా సరే, కుడివైపు కాలవే ఎంచుకునేది. ఆ గట్టు మీద దాన్ని బండి ఎక్కించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

మీటింగయ్యాక ఛైర్మన్ గారితో విషయం చెప్పాను. ఆయన చాలాసేపు తలాడించి, “అలాగైతే నువ్వు ఈ విషయంలో నోరు విప్పకూడదయ్యా. న్యాయంగా ఉండదు” అన్నారు. విప్పలేదు. విప్పమన్నా మినిట్స్ రాసేవాడి మాట మినిట్స్‌లో ఎవరు రాస్తారు?

తనిఖీ చేసి తేల్చాలని నిర్ణయమైంది. ఒక రోజు పొద్దున కమిటీ ఆ ఊరు వెళ్తుంది, మొదటి ట్రిప్పుకి ఎంతమంది ఎక్కుతారో చూస్తుంది. ఆ రోజు లెక్కే లెక్క. పద్ధతి ప్రకారం, కమిటీ బస్సు విషయమై వస్తోందని పంచాయతీకి ముందుగా కబురు వెళ్ళింది. నేను అక్కకి ఫోన్ చేశాను. “మాకు తెలుసులేరా, కాగితం వచ్చింది. ఊరంతా మీ కోసం సిద్ధంగా ఉంది” అంది. నిశ్చింతగా పడుకున్నాను.

తెల్లవారుతుండగా మా వాహనం కాలవ గట్టెక్కింది. వెనక సీట్లో వ్యాపారుల తరఫు సభ్యుడైన పట్టుచీరల షాపు యజమాని నిద్రపోతున్నాడు. ఊళ్ళోకి వెళ్ళేసరికి చర్చి ముందు షామియానా వేసి ఉంది. మైకులో ఎవరో ‘హలో హలో’ అంటున్నారు. మామిడాకుల తోరణం కట్టారు. ఆడవాళ్ళు మంచి చీరల్లో ఉన్నారు, పిల్లలు యూనిఫాంలో వరసగా నిలబడ్డారు. చర్చి వీధి వాళ్ళూ రామాలయం వీధి వాళ్ళూ ఒకే షామియానా కింద కూర్చోవడం ఆ ఊరి చరిత్రలో అదే మొదటిసారని తర్వాత సర్పంచి గారు గర్వంగా చెప్పారు. పక్కనే పెనాల మీద పెసరట్లు కాలుతున్నాయి.

కొంచెం అవతల బస్సు ఉంది. ఖాళీగా ఉంది.

అప్పటికి నాకింకా బుర్రకెక్కలేదు. గుంపులో అక్క కనిపించింది. డ్యూటీ బట్టల్లో లేదు. పెళ్ళిలో కట్టిన చీర కట్టుకుని, చేతిలో గరిటెతో పెనం దగ్గరుంది.

“డ్యూటీకి పోలేదేంటే?”

“సెలవు పెట్టాను. తమ్ముడు కమిటీతో వస్తుంటే ఊళ్ళో లేకపోతే బాగుంటుందా? అందరూ మానేశారు రా. కూలి పనికి పోయేవాళ్ళు కూడా.”

“బస్సెక్కేది ఎవరు మరి?”

అక్క బస్సు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. పెసరట్టు మాడిన వాసన వచ్చింది.

ఇంతలో సర్పంచి గారు ఛైర్మన్ గారికి శాలువా కప్పారు. చలికాలం కాదు. ఆయన ఆ శాలువాలో చెమటలు కక్కుతూ, తియ్యడం మర్యాద కాదని అలాగే కూర్చున్నారు. మామూలు రోజుల్లో ఆ బస్సు కండక్టరు జనం కోసం ఆగేవాడట. ఎవరైనా గట్టు మీద పరిగెత్తుకుంటూ వస్తుంటే బస్సు దిగి మరీ చేయి ఊపేవాడట. ఆ రోజు పై అధికారి అక్కడే ఉన్నాడు. కండక్టరు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.

పాస్టరు గారు మైకు తీసుకుని, మన ఊరి బస్సు గురించి ప్రార్థన చేసుకుందాం, అందరూ కళ్ళు మూసుకోండి అన్నారు. రామాలయం వీధి వాళ్ళతో సహా అందరూ మూసుకున్నారు. చీరల షాపాయన కళ్ళు ముందు నుంచీ మూసే ఉన్నాయి. బస్సు ప్రయాణాల్లో క్షేమాన్నీ, దాని చక్రాలకి బలాన్నీ, డ్రైవరుకి ఆయుష్షునీ, కమిటీకి వివేకాన్నీ దయచేయమని పాస్టరు గారు వేడుకుంటుండగా ఇంజను స్టార్టయిన శబ్దం వినిపించింది. నేను ఒక కన్ను తెరిచాను. ఛైర్మన్ గారూ తెరిచారు. మా ఇద్దరి చూపులూ కలిశాయి. ఆయన గబుక్కున మూసేసుకున్నారు.

ఆమెన్ అని అందరూ కళ్ళు తెరిచేసరికి బస్సు మలుపు తిరుగుతోంది. లోపల డ్రైవరు, కండక్టరు, వాళ్ళిద్దరి క్యారేజీలు.

డిపో అధికారి ట్యాబులో ఏదో టైపు చేసుకున్నాడు. అంత తక్కువ టైపు చేయడానికి ఆయనకి అట్టే సమయం పట్టలేదు. తర్వాత అందరం పెసరట్లు తిన్నాం. చాలా బాగున్నాయి. ఇలాంటప్పుడు ముద్ద దిగకూడదట గానీ, నాకు దిగింది. రెండోది కూడా అడిగాను.

అక్కకి ఆ సెలవు ఊరికే దొరకలేదు. అంతకుముందే సాయంత్రం బస్సు తప్పిపోతుందని పెందలాడే బయటపడటం మీద ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటుతో మాటలొచ్చాయట. ఈ సెలవు ఇస్తూ ఆవిడ, ఇదే ఆఖరు, ఇంకొకసారి మానేస్తే పగటి డ్యూటీ తీసేసి రాత్రికి వేస్తానని చెప్పిందట. ఈ సంగతి అక్క నాకు ఆ పూట చేతులు కడుక్కుంటూ చెప్పింది. రాత్రి డ్యూటీ అంటే అక్కకి ఉద్యోగం లేనట్టే. పొద్దున్నే పోయే బస్సులో పోయి రాత్రి దాకా ఆసుపత్రి మెట్ల మీద కూర్చోవాలి. తెల్లారి డ్యూటీ దిగి సాయంత్రం బస్సు దాకా మళ్ళీ అక్కడే కూర్చోవాలి. ఇక్కడ పాప చీకట్లో, రేచీకటి నాయనమ్మతో.

“ఇంకొకసారి మానాల్సిన పని ఏముంటుందిలే” అంది.

తర్వాతి మీటింగులో విషయం వచ్చింది. డిపో అధికారి తన లెక్క చదివాడు. చదవడానికి పెద్దగా ఏమీ లేదు. చీరల షాపాయన మాత్రం, “మనకి స్వాగతం చెప్పడానికే కదండీ వాళ్ళు ఆగిపోయారు. నేను చూశాగా” అన్నాడు. ఏం చూశాడో నాకు తెలుసు గానీ నోరు విప్పకూడదు కదా.

ఛైర్మన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఆగారని మనకి తెలుసు. రికార్డుకి తెలీదుగా” అన్నారు. ఇబ్రహీంపట్నం సభ్యుడు కూడా లారీలెత్తలేదు. చివరికి ఛైర్మన్ గారి వ్యసనమే ఆదుకుంది. ఒకే రోజు చూసి ఒక ఊరి బస్సు తీసెయ్యడం న్యాయం కాదని, ఇంకోసారి లెక్క పెట్టించాలని అన్నారు. ఈసారి ఎవరికీ చెప్పకుండా, ఊళ్ళోకి పోకుండా, పామర్రు సెంటర్లో బస్సు ఆపి లోపలున్నవాళ్ళని లెక్కపెట్టాలి. డిపో అధికారి ఒప్పుకున్నాడు. ఈ రహస్యం కాపాడే బాధ్యత నాకు అప్పగించారు.

నేను కాపాడాను. అక్కకి కూడా చెప్పలేదు. కానీ రెండు రోజుల ముందే డిపో నుంచి, పామర్రులో లెక్క ఉంది, సరైన వేళకి రమ్మని కండక్టరుకి చెప్పారు. నైట్ హాల్ట్ కండక్టరు ఎవరింట్లో భోంచేస్తాడు? ఊళ్ళోనే తింటాడు. పులుసు వడ్డిస్తూ ఎవరో అడిగారు, ఆయన చెప్పాడు. తెల్లారేసరికి ఊరందరికీ తెలుసు.

లెక్కకి ముందురోజు సాయంత్రం అక్కే ఫోన్ చేసింది. నవ్వుతోంది. ఊరంతా రేపు బస్సెక్కుతోందట. విజయవాడలో పని ఉన్నా లేకపోయినా సరే. ఆడవాళ్ళకి టికెట్టు డబ్బులు అక్కర్లేదు గదా, వీధులకి వీధులే కదులుతున్నాయట. కొందరు గుణదల కొండెక్కుతామంటున్నారు, కొందరు దుర్గమ్మ దర్శనమంటున్నారు, అత్తయ్య గారి తోడికోడలు అసలు విజయవాడ ఎలా ఉంటుందో చూసొస్తానంటోందట. ఈసారీ నాకు అనుమానం రాలేదు. అంతా బాగుందనిపించింది.

పామర్రు సెంటర్లో నేనూ డిపో గుమస్తా ఒకరూ టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. బస్సు వచ్చింది. వచ్చిందనడం కన్నా ఒరిగిందనాలి. ఎడమవైపు టైర్లు కనబడలేదు. మెట్ల మీద మనుషులు, మెట్ల మీది మనుషుల్ని పట్టుకుని ఇంకొందరు మనుషులు. కిటికీల్లోంచి ముసలమ్మలు నాకు చేతులూపారు. సర్పంచి గారు డ్రైవరు పక్కన ఇంజను బానెట్ మీద కూర్చుని ఉన్నారు. గుమస్తా లోపలికి పోయి లెక్కపెట్టలేక బయట నుంచే వేళ్ళు మడుస్తూ వచ్చి, ఒకచోట ఆగిపోయి, “ఫుల్ అని రాసేద్దామండీ” అన్నాడు.

నేను కిటికీలన్నీ చూశాను. అక్క లేదు. రెండోసారి చూశాను. పాస్టరు గారు కనబడి, “వందనాలు బాబూ, గెలిచాం” అన్నారు. మా అక్కేదండీ అని అడిగాను. ఆయన వెనక్కి తిరిగి ఎవరినో అడిగారు. వాళ్ళు ఇంకెవరినో అడిగారు. ప్రశ్న వెనక సీటు దాకా వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. బస్సు కదిలిపోయింది.

ఫోన్ చేశాను. వెంటనే ఎత్తింది.

“ఎక్కడున్నావు?”

“ఇంట్లోనే.”

“అదేంటి?”

“నేను రోజూ వచ్చే వేళకే వచ్చాను రా. అప్పటికే మెట్ల దాకా నిండిపోయింది. దిగమంటే ఎవరు దిగుతారు? వాళ్ళు వచ్చిందే నా కోసం. మా అత్తయ్య తోడికోడలైతే, నువ్వు రోజూ ఎక్కేదానివేగా అమ్మా, ఈ ఒక్కరోజు మమ్మల్ని ఎక్కనియ్యి అంది.”

“ఆసుపత్రికి చెప్పావా?”

“చెప్పాను.”

“ఏమన్నారు?”

అవతల పాప ఏదో గిన్నె మోగిస్తోంది. “ఏమంటారు, అనాల్సింది పోయినసారే అన్నారుగా” అంది.

టీ కొట్టతను ఇంకో టీ కావాలా అని అడిగాడు. ఇమ్మన్నాను. టీలో అల్లం ఎక్కువైంది. గుమస్తా కాగితం మీద నా సంతకం కావాలన్నాడు, పెట్టాను.

కమిటీ ఆ విషయాన్ని ఏకగ్రీవంగా తేల్చింది. ప్రయాణికుల రద్దీ దృష్ట్యా నైట్ హాల్ట్ సర్వీసు కొనసాగించాలని సలహా. ఈ సలహాని డిపో విన్నది కూడా. కమిటీ చరిత్రలో అది పెద్ద విశేషం. ఛైర్మన్ గారు నా వైపు చూసి, “చూశావా, నువ్వు నోరు విప్పకుండానే న్యాయం జరిగింది” అన్నారు. అందరూ బల్లలు చరిచారు. నేనూ చరిచాను. ‘కమిటీ హర్షం వ్యక్తం చేసినది’ అని టైపు చేశాను. ఇబ్రహీంపట్నం సభ్యుడు, బస్సుల సంగతి తేలింది కాబట్టి ఇక లారీల సంగతికొద్దాం అన్నాడు. వచ్చాం.

ఆ వారం నుంచి అక్కని రాత్రి డ్యూటీకి మార్చారు. పగటి డ్యూటీకి తిరిగి వేయమని అడగడానికి నేను ఆసుపత్రికి వెళ్ళాను. సూపరింటెండెంటు చెడ్డ మనిషైతే ఈ కథకి ఒక ఊపు వచ్చేది. ఆవిడ కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించి, నేను చెప్పిందంతా విన్నది. ఊరంతా బస్సెక్కిన సంగతి దగ్గర నవ్వింది కూడా. “అందరికీ ఏదో ఒక బస్సు ఉంటుంది బాబూ. ఐసీయూలో పేషెంట్లకి మాత్రం నర్సు ఉండాలి” అంది. అందులో తప్పేముందో వెతుక్కుంటూ బయటికి వచ్చాను. రోడ్డు దాకా వెతికినా దొరకలేదు.

ఆదివారం ఊరెళ్ళాను. సాయంత్రం చర్చి అయిపోయాక సర్పంచి గారు నన్ను పట్టుకుని బస్సు నిలబెట్టినందుకు శాలువా కప్పారు. నేనేమీ చెయ్యలేదండీ అన్నాను. నిజంగానే అన్నాను. చదువుకున్నవాళ్ళు అలాగే అంటారని అందరూ మెచ్చుకున్నారు.

ఇంటి దగ్గర అక్క అరుగు మీద కూర్చుని రొయ్యలు వలుస్తోంది. అత్తయ్య గారు లోపల పాపని జోకొడుతోంది. నేను వస్తూనే ఆవిడ బయటికి వచ్చి, నా పక్కన నిలబడి, “నా కళ్ళే బాగుంటే ఇంతదాకా రాకపోను అబ్బాయి” అంది. శాలువా మడతపెట్టాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

“రాజీనామా చేశాను రా, వాట్సాప్‌లో పంపాను” అంది అక్క, తలెత్తకుండా.

“ఇన్నేళ్ళ ఉద్యోగానికి వాట్సాపా?”

“నీలాగా మినిట్స్ రాయాలా ఏంటి? ‘ఇక రానండీ’ అన్నాను. ఓకే అని బొటనవేలు పెట్టారు.”

మామూలుగా అయితే ఇక్కడ నేను ఒక జోకు వెయ్యాలి. బొటనవేలు మీద ఒకటి తయారుగా ఉంది కూడా. ఎందుకో వెయ్యలేదు. రొయ్యల తొక్కల చుట్టూ ఈగలు ముసురుతుంటే తోలుతూ కూర్చున్నాను. పామర్రులో ఏదైనా క్లినిక్‌లో చూద్దామా అన్నాను. చూద్దాంలే అంది. పాప కాస్త పెద్దదయ్యాక అంది. బావ వచ్చాక అంది. మూడు జవాబులూ ఒకే గొంతుతో చెప్పింది, ఆసుపత్రిలో పేషెంటు బంధువులకి చెప్పే గొంతుతో.

దీపాలు పెట్టే వేళకి కాలవ గట్టు మీద హారన్ వినిపించింది. బస్సు వచ్చి చర్చి ముందు ఆగింది. ముగ్గురో నలుగురో దిగారు. కండక్టరు మా వైపు చూసి చెయ్యెత్తాడు. అక్క రొయ్యల చేతిని పైకెత్తి చూపించి నవ్వింది.

నాకు ఒక ఆలోచన వచ్చింది. చీకటి పడకముందే ఇంకో ట్రిప్పు వేస్తే, లేదా పొద్దున బస్సు వేళ కొంచెం మారిస్తే, ఏదో ఒక డ్యూటీకి కుదురుతుందేమో. ఛైర్మన్ గారికి ఒక మాట వేస్తే కాదనరు. కమిటీలో పెట్టి, ఊరివాళ్ళ అభిప్రాయం కూడా తీసుకుంటే. ఇదంతా అక్కకి చెప్పాను. బాగానే చెప్పాననుకుంటాను. చెబుతూ చెబుతూ అరుగు మీద వేలితో రూటు కూడా గీశాను.

అక్క అంతా విన్నది. రొయ్యల గిన్నె తీసుకుని లేచింది.

“వద్దులే రా. మళ్ళీ అందరూ కలిసి సాయం చేస్తారు” అని, పాపకి అన్నం పెట్టడానికి లోపలికి పోయింది.